ఓటరును తిట్టే ముందు ఎన్నిక పెట్టమనండి

సంపాదకులకు,

అయ్యా,
బెంగళూరు ఓటరు బద్ధకం మీద పోయిన వారం మీరు వేసిన వ్యాసం చదివాను. 2024 లోక్‌సభ ఎన్నికల్లో నగరంలోని ఉత్తర, మధ్య, దక్షిణ స్థానాల్లో పోలింగ్ 55 శాతమైనా దాటలేదని దుమ్మెత్తిపోశారు. అంకె నిజమే, కాదనను.

కానీ మురుగు పొంగినా, చెత్తబండి రాకపోయినా మేం అడగాల్సింది ఎంపీని కాదు, కార్పొరేటర్ని. ఆ కార్పొరేటర్ కోసం మేం వరసలో నిలబడింది 2015 ఆగస్టులో. కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరు 10న తీరిపోయింది. గడువు ముగిసేలోపే ఎన్నిక జరపాలని రాజ్యాంగంలో 243యు అధికరణం ఉంది. ఉంటే ఏం? వార్డుల విభజన, రిజర్వేషన్లు రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. 198 వార్డులు ముఖ్యమంత్రిగా బొమ్మైగారి హయాంలో 243 అయ్యాయి, ఆ తర్వాత సిద్ధరామయ్యగారు వచ్చాక 225 అన్నారు. 2025 సెప్టెంబరులో నగరాన్ని అయిదు కార్పొరేషన్లు చేశారు. వాటి పైన ఒక గ్రేటర్ బెంగళూరు అథారిటీ, దానికి అధ్యక్షులు సాక్షాత్తూ ముఖ్యమంత్రిగారే! పన్నుల్లో మా వాటా ఏదని 2024 ఫిబ్రవరిలో ఢిల్లీ వెళ్లి ధర్నా చేసింది కూడా ముఖ్యమంత్రిగా సిద్ధరామయ్యగారే. ఢిల్లీని అడిగేటప్పుడు గుర్తొచ్చే హక్కులు, నగరం అడిగేటప్పుడు గుర్తురావు కాబోలు. చెత్త రుసుముకు మాత్రం కౌన్సిల్ అక్కర్లేకపోయింది. 2025 ఏప్రిల్ నుంచి ఆస్తిపన్నుతో కలిపి గుంజుతున్నారు.

ఇక మనవాళ్ల సంగతి. 2024 ఏప్రిల్ 26న ఇక్కడ పోలింగ్ బూతు మొహం చూడనివాళ్లే, మే 13న ఆంధ్రలో పోలింగుకు అడిగినంత టికెట్ పెట్టి కడపకీ నెల్లూరుకీ బస్సులెక్కారు. అక్కడ ఓటుంటే అక్కడే వేయాలి, సరే. రెండు చోట్లా ఉంచుకోవడం ఎలాగూ చట్టవిరుద్ధం. కానీ మారతహళ్ళిలో ఫ్లాటు కొని, పిల్లల్ని ఇక్కడే చదివిస్తూ, ఓటు మాత్రం ఊళ్లో ఎందుకండీ? కాపురమున్న చోటే ఓటు, ఊళ్లో ఇల్లుంటే చాలదు అని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టమే చెబుతోంది. అడిగితే 'మన పార్టీ గెలవాలి కదన్నా' అంటారు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పసుపు, నీలం అంటూ అర్ధరాత్రి దాకా కొట్టుకుంటారు. అదే గ్రూపులో వార్డు కమిటీ మీటింగు కబురు పెడితే ఒక బొటనవేలి బొమ్మ, అంతే.

వాళ్లనీ పూర్తిగా తప్పుపట్టలేను. ఊళ్లో పేరు పెట్టి పిలిచి, బండి పెట్టి బూతుకు తీసుకెళ్లే కార్యకర్త ఉన్నాడు. ఇక్కడ గెలవడానికి కార్పొరేటర్ పదవే లేకుండా ఏళ్లు గడిపేస్తే మా గుమ్మం ఎవడు తొక్కుతాడు? కన్నడం రాని మా పెద్దవాళ్లకు ఓటరు జాబితాలో పేరెక్కించే ఫారం ఎవడు నింపిపెడతాడు?

ఈసారి ఇలాంటి వ్యాసం రాయించేటప్పుడు మీ విలేకరిని ముందు విధానసౌధకు పంపండి. అక్కడ జవాబు దొరికితే మా అపార్ట్‌మెంటుకు రమ్మనండి, మేమూ చెప్పుకుంటాం.

ఇట్లు,
మీ పాఠకుడు,
మారతహళ్ళి, బెంగళూరు