ఊరు మారితే మాకు డాక్టరు ఎక్కడ?

సంపాదకుడు గారికి,

ఉద్యోగ బదిలీపై హైదరాబాద్ నుంచి రాజమహేంద్రవరం వచ్చిన ట్రాన్స్ పురుషుణ్ణి నేను; అంటే పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదై, పురుషుడిగా బతుకుతున్నవాణ్ణి. అద్దె ఇల్లు, గ్యాస్ కనెక్షన్ ఇట్టే కుదిరాయి గాని, కొన్నేళ్లుగా సాగుతున్న నా హార్మోన్ చికిత్సను ఇక్కడ చూసే డాక్టరెవరో చెప్పేవారే లేరు.

ఇది మధ్యలో ఆపదగ్గ చికిత్స కాదు. టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోను వాడేవారికి రక్తం చిక్కబడే ప్రమాదం ఉంటుంది కనుక, హిమోగ్లోబిన్, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల శాతం) పరీక్షలు క్రమం తప్పకుండా చేయించి మోతాదు సవరించుకోవాలి. ల్యాబు రిపోర్టులో ఉండవలసిన స్థాయిలు స్త్రీలకొకలా, పురుషులకొకలా అచ్చయి ఉంటాయి; నా ఫలితాన్ని దేనితో పోల్చాలో తెలిసిన వైద్యులు కావాలి. ఇక్కడొక ప్రైవేటు ఆసుపత్రిలో, గడ్డంతో ఉన్న నేను గైనకాలజీకి ఓపీ చీటీ అడిగితే, "పేషెంటు ఎవరు, మీ మిసెస్సా?" అని కౌంటరులోని వ్యక్తి హాలంతా వినబడేలా అడిగాడు. లోపల డాక్టరు గారు మర్యాదగానే మాట్లాడి, ఇలాంటి కేసులు తాను చూడనని, హైదరాబాదే వెళ్లమని అన్నారు. చదువులో నేర్పని విషయానికి ఆమెను తప్పుపట్టలేను.

మంచి డాక్టరు ఎవరన్నది మాకు తెలిసేది చేతులు మారే ఫోన్ నంబర్ల వల్లనే. హిజ్రా సమాజంలో గురువుల ద్వారా ఆ కబురు కొంతైనా అందుతుంది. ఒంటరిగా బతికే ట్రాన్స్ పురుషులకు ఆ దారీ లేదు. 2021లో హైదరాబాద్ నారాయణగూడలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం మొదలైన మిత్ర్ క్లినిక్, అమెరికా సాయం నిలిచిపోవడంతో 2025 ఆరంభంలో మూతపడినప్పుడు, విదేశీ నిధులపై నిలబడిన సేవ ఎంత పెళుసో తెలిసింది.

హార్మోన్ చికిత్స, కౌన్సెలింగ్ సదుపాయాలు కల్పించాలని, వైద్య పాఠ్యాంశాలను సమీక్షించాలని 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టంలోని 15వ సెక్షన్ ప్రభుత్వాలకే చెబుతోంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం ఉద్దేశించిన ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ పథకం కింద ఏడాదికి రూ.5 లక్షల బీమా కూడా ప్రకటించారు. కార్డు సరే, దాన్ని పట్టుకుని ఏ తలుపు తట్టాలి?

రాష్ట్ర ఆరోగ్య శాఖ జిల్లాలవారీగా ఒక జాబితా ప్రకటించాలి: ఏ ఆసుపత్రిలో, ఏ విభాగంలో, ఏ రోజు మమ్మల్ని చూస్తారన్నది అందులో ఉంటే చాలు. అది ఇష్టపడి ముందుకొచ్చిన వైద్యుల జాబితాయే గాని మా పేర్ల జాబితా కాదు కనుక, గోప్యతకు వచ్చే ముప్పేమీ లేదు. హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రాల్లో మందులు వాడేవారు ఊరు మారితే బదిలీ పత్రంతో కొత్త కేంద్రంలో చేరే పద్ధతి ఎప్పటినుంచో నడుస్తోంది. దాన్నే మాకూ వర్తింపజేయవచ్చు. 2023లో మొదలైన రాజమహేంద్రవరం ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ఆసుపత్రిలో వారానికొక పూట ఓపీ పెట్టి, ముందుగా చీటీ రాసే కౌంటరు సిబ్బందికి శిక్షణ ఇప్పించాలని అధికారులను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం