యంత్రం కన్నా ముందు ఫారం పంపండి

గౌరవనీయులైన విదేశాంగ శాఖ మంత్రి గారికి,

వర్ధమాన దేశాల్లో ఎన్నికల నిర్వహణకు మన దేశం అందిస్తున్న సాయం గురించి ఈ లేఖ రాస్తున్నాం. విదేశాలతో సాంకేతిక సహకారానికి మన ప్రభుత్వం పెట్టిన ఐటెక్ కార్యక్రమం కింద శిక్షణలు 1964 నుంచి నడుస్తున్నాయి. 2011లో ఎన్నికల సంఘం ప్రత్యేకంగా శిక్షణ సంస్థ పెట్టాక విదేశీ అధికారులు ఢిల్లీ వచ్చి పాఠాలు విని వెళ్తున్నారు. ఉద్దేశాన్ని తప్పుపట్టడం లేదు. ఏది పంపుతున్నాం, ఎప్పుడు పంపుతున్నాం అన్న దగ్గరే తేడా కొడుతోంది.

నమీబియా సంగతే చూడండి. 2014 నవంబరులో ఆ దేశం మన ఈవీఎంలతో ఎన్నికలు జరిపింది. అంతకు ఏడాది ముందే, 2013 అక్టోబరులో, కాగితపు ఆధారం తప్పనిసరని మన సుప్రీంకోర్టు తేల్చింది. అయినా అక్కడ వాడినవి వీవీప్యాట్, అంటే ఓటు ఎవరికి పడిందో చూపే చీటీ అచ్చువేసే పరికరం, లేని యంత్రాలే. కాగితపు ఆధారం ఉండాలని వాళ్ల చట్టంలోనూ రాసుకున్నారు, ఆ నిబంధనను మాత్రం అమల్లోకి తేలేదు. అలా పక్కనపెట్టడం చెల్లదని 2021 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికే వాళ్లు బ్యాలెట్ పత్రాలకు మళ్లారు. 2024లో కొన్నిచోట్ల ఆ పత్రాలూ చాలక పోలింగు పొడిగించారు. ఆ యంత్రాలది కొనుగోలే తప్ప సాయం కాదని మీ శాఖ అనవచ్చు. క్యూలో నిలబడిన ఓటరుకు ఆ తేడాతో పనిలేదు.

మలావీలో ఈవీఎంలు లేవు. 2019 మే నాటి అధ్యక్ష ఎన్నికను అక్కడి కోర్టు 2020 ఫిబ్రవరి 3న రద్దు చేసింది. చూపిన కారణాల్లో ఒకటి, ఫలితాల పత్రాల మీద వైట్‌నర్. వినడానికి నవ్వొస్తుంది గానీ, పోలింగ్ కేంద్రంలో రాత్రి పని ఎలా సాగుతుందో తెలిసినవాళ్లకు నవ్వు రాదు. అభ్యర్థుల తరఫున ఆరుగురు ఏజెంట్లు ఉన్నారనుకోండి. వాళ్లకు ఆరు ప్రతులు, తలుపు మీద అంటించడానికి ఒకటి, పెట్టెలోకి ఒకటి, పై అధికారికి ఒకటి, మొత్తం తొమ్మిది. కార్బన్ పెట్టి రాస్తే నాలుగైదు దాటాక అక్షరం కనబడదు. కాబట్టి రెండోసారి రాయాలి. తెల్లవారుజామున లేచినవాడు అర్ధరాత్రి టార్చి వెలుగులో అంకెలు ఎక్కిస్తాడు, 68 కాస్తా 86 అవుతుంది. దాన్ని దిద్దడానికి చేతికి దొరికేది వైట్‌నరే.

దీనికి మందు చవకైనదే. కార్బన్ అక్కర్లేని, వరుస నంబరు వేసిన ప్రతుల కట్ట కావాలి. ఓట్లు అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయడానికి గడులుండాలి. తప్పు పడితే ఒక్క గీతతో కొట్టేసి, పక్కన సరైన అంకె రాసి, అధికారి, ఏజెంట్లు సంతకాలు పెట్టాలి. సామగ్రి సంచిలో వైట్‌నర్ ఉండకూడదు, టార్చికి అదనపు సెల్లు ఉండాలి. పోలింగ్ కేంద్రంలో ఓట్ల లెక్క రాసే మన ఫారం 17సి ఇందుకు మంచి నమూనా. హాజరైన ప్రతి ఏజెంటుకూ దాని ప్రతి ఇవ్వాలని మన నిబంధనే ఉంది. అయితే మన లెక్కింపు వేరేచోట జరుగుతుంది కాబట్టి, పోలింగు ముగిశాక ఏజెంటుకిచ్చే భాగంలో పోలైన మొత్తమే ఉంటుంది. కేంద్రంలోనే లెక్కించే దేశాలకు అభ్యర్థులవారీ గడులు చేర్చి పంపాలి.

యంత్రాలే పంపాల్సివస్తే, కెన్యా 2013 గుర్తుంచుకోండి. ఓటర్లను గుర్తించే పరికరాలు చాలాచోట్ల మొరాయించాయి. బడి గదుల్లో ప్లగ్గు లేక బ్యాటరీలు అయిపోవడం అందులో ఒక కారణం. ఏ పరికరమైనా పోలింగు సమయం కంటే రెండు గంటలు ఎక్కువ నడుస్తుందని ఆ గదిలోనే, ఆ ఎండలోనే పరీక్షించాకే ఒప్పుకోవాలి. అది ఆగితే వాడటానికి అచ్చువేసిన ఓటర్ల జాబితా బల్ల మీద ఉండాలి.

ఇక డబ్బు. దాతలెవరైనా అంతే, ఎన్నికలకు ఆరు నెలల ముందు కుమ్మరించి, ఫలితాలు రాగానే వెళ్లిపోతారు. కాంట్రాక్టు సిబ్బందీ వాళ్లతోనే పోతారు. జాబితాలో చనిపోయినవారి పేర్లు అలాగే ఉంటాయి. మా మాటగా, సగం నిధులు పోలింగు తర్వాతి మూడేళ్లకు కేటాయించండి: జాబితా సవరణ, మరమ్మతు, సిబ్బంది జీతం. భవనాలకు వద్దు. కాబూల్‌లో మనం కట్టి 2015లో ప్రారంభించిన పార్లమెంటు భవనం అలాగే ఉంది, 2021 తర్వాత అందులో కూర్చోవడానికి ఎన్నికైన సభ్యులే లేరు.

విదేశీ విరాళాల చట్టం, 2010 మూడో సెక్షన్ మన పార్టీలకూ అభ్యర్థులకూ పరాయి సొమ్మును నిషేధించింది. అదే షరతు మనం పరాయి దేశంలో పెట్టే ఖర్చుకూ రాయండి, ఒప్పందాన్ని అక్కడి భాషలో కూడా ప్రచురించండి. ఈసారి అలాంటి ఒప్పందం మీ సంతకానికి వచ్చినప్పుడు అనుబంధాల్లో విడిభాగాల జాబితా, నమూనా ఫలితాల పత్రం ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఫైలు వెనక్కి పంపండి.

ఇట్లు,
ఎన్నికల నిర్వహణ తెలిసిన కొందరు