సిలబస్ కన్నా ముందు పరీక్ష మార్చండి: విద్య, ఐటీ శాఖల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్య, ఐటీ శాఖల మంత్రి గారికి,

ఇంజినీరింగ్ కళాశాలల్లో ప్రోగ్రామింగ్ పాఠాలు చెప్పే అధ్యాపకులం నమస్కరించి రాస్తున్నాం.

కాకినాడ జేఎన్‌టీయూ పరిధిలో ఆర్10 నుంచి ఆర్23 దాకా, పదమూడేళ్లలో ఆరు రెగ్యులేషన్లు (సిలబస్, పరీక్షల నియమావళులు) వచ్చాయి. పైథాన్ చేరింది, మెషీన్ లెర్నింగ్ చేరింది, డేటా సైన్స్ పేరుతో బ్రాంచీలే పుట్టుకొచ్చాయి. ఇన్ని మార్పుల్లోనూ సెమిస్టర్ చివరి పరీక్ష మాత్రం పెన్ను, ఆన్సర్ బుక్‌లెట్ దగ్గరే ఉంది. పరీక్షలో ఏది అడుగుతారో పిల్లలు అదే చదువుతారు. అందుకే మళ్లీ ఇంకో సిలబస్ కమిటీ వేయవద్దని, ఈసారి పరీక్షనే పట్టించుకోవాలని మా విన్నపం.

ఆర్23లో మొదటి సంవత్సరం అన్ని బ్రాంచీలకూ ఉన్న సీ భాష ప్రోగ్రామింగ్ సబ్జెక్టునే చూడండి. థియరీకి 3 క్రెడిట్లు (సబ్జెక్టు బరువుకు కొలత), ల్యాబ్‌కు 1.5. థియరీలో 30 మార్కులు ఇంటర్నల్, 70 మార్కులు రాతపరీక్ష. ఆ 70 మార్కుల కోసం విద్యార్థి పాయింటర్లంటే ఏమిటో వివరిస్తాడు, కాగితం మీద ప్రోగ్రాం రాస్తాడు. ఆ ప్రోగ్రాం ఏనాడూ కంపైల్ కాదు, అంటే కంప్యూటర్ దాన్ని ఎప్పుడూ పరీక్షించదు. లూపు ఒక్క అడుగు ఎక్కువ తిరిగినా, సెమీకోలన్ లేకపోయినా పేపర్ల కట్ట ముందు కూర్చున్న వాల్యుయేటర్ కంటికి ఆనదు. చూడటానికి ప్రోగ్రాంలా ఉంటే మార్కులు పడతాయి. కాబట్టి బట్టీ పట్టడమే పిల్లలకు తెలివైన దారి అయింది.

ల్యాబ్ మెరుగ్గా ఉందా అంటే, అక్కడ అబ్జర్వేషన్, రికార్డు అని రెండు పుస్తకాలున్నాయి. నడిచిన ప్రోగ్రాంను మళ్లీ చేత్తో రాయడం, సీనియర్ల రికార్డు చూసి అవుట్‌పుట్ దించడం, ఎర్ర సిరా సంతకం కోసం వరుసలో నిలబడటం. ఎక్స్‌టర్నల్ రోజున చీటీ తీసి, వచ్చిన ప్రోగ్రాం సిస్టమ్ మీద చేస్తారు. 30 మంది బ్యాచ్‌కు 3 గంటలు. ఎగ్జామినర్ మరే పనీ పెట్టుకోకపోయినా తలకు ఆరు నిమిషాలే. ఆ ఆరు నిమిషాల్లోనే చదవడం, వైవా, మార్కులు. అందుకే మూడో ఏడాదికొచ్చేసరికి కళాశాలలు సీఆర్‌టీ (ఉద్యోగ ఎంపికలకు శిక్షణ) పేరిట బయటి ట్రైనర్లను పిలిపించి అరేలు, స్ట్రింగ్‌లు మొదటి నుంచి చెప్పిస్తున్నాయి. మొదటి ఏడాదే 4.5 క్రెడిట్లు ఇచ్చేసిన పాఠానికి తల్లిదండ్రులు రెండోసారి ఫీజు కడుతున్నారు.

మేం అడుగుతున్నది ఇది. థియరీ, ల్యాబ్ కలిపి 4.5 క్రెడిట్ల ఒకే సబ్జెక్టు చేయండి. చివరి 70 మార్కుల్లో 20 మాత్రమే కాగితం మీద ఉంచండి. అందులో నిర్వచనాలు వద్దు. పన్నెండు వరుసల ప్రోగ్రాం ఇచ్చి అవుట్‌పుట్ ఏమిటో, తప్పు ఏ వరుసలో ఉందో, లూపు ఎన్నిసార్లు తిరుగుతుందో అడగండి. మిగతా 50 సిస్టమ్ మీద. 2 గంటలు, మూడు ప్రాబ్లమ్స్, టెస్ట్ కేసులను (ప్రోగ్రాంకు ఇచ్చి సరిచూసే ఇన్‌పుట్, అవుట్‌పుట్ జతలను) బట్టి 35 మార్కులు. మిగిలిన 15 నోటిమాటగా: విద్యార్థి తాను రాసిన ప్రోగ్రాం ముందు కూర్చుంటాడు, ఎగ్జామినర్ ఒక చిన్న మార్పు అడుగుతారు, అక్కడికక్కడే చేసి చూపాలి. తలకు 3 నిమిషాలు, ఇద్దరు ఎగ్జామినర్లు ఉంటే 60 మందికి గంటన్నర.

దీనికి కోట్ల టెండర్లు అక్కర్లేదు. ఆన్‌లైన్ పాఠాలు, పరీక్షలు నడిపే మూడిల్, దాంట్లో ప్రోగ్రాంలను దిద్దే కోడ్‌రన్నర్ ప్లగిన్, వాటిని నడిపే జోబ్ సర్వర్, మూడూ ఉచితం, ఓపెన్ సోర్స్. మూడిల్‌ను ఒక మెషీన్ మీద, జోబ్‌ను మరో మెషీన్ మీద పెట్టాలి. రెండూ ఒకదాన్లోనే పెడితే పిల్లల ప్రోగ్రాంలు నడిచే చోటే మార్కులూ ఉంటాయి, అది భద్రం కాదు. 60 మంది బ్యాచ్‌లో సీ ప్రోగ్రాంలు దిద్దడానికి 8 కోర్లు, 16 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్ చాలు. ల్యాబ్‌లోని పాత 4 జీబీ సిస్టమ్‌ల మీద లైనక్స్ వేస్తే బ్రౌజర్ హాయిగా నడుస్తుంది. ఇంటర్నెట్ అవసరమే లేదు, ఉండకూడదు కూడా. 12 సెక్షన్లున్న కళాశాలలో 60 సిస్టమ్‌ల ల్యాబ్ ఒక్కటే ఉన్నా, రోజుకు రెండు బ్యాచ్‌ల చొప్పున ఆరు రోజుల్లో పని అయిపోతుంది.

బెడిసికొట్టేవి ఎక్కడెక్కడో ముందే చెబుతున్నాం. అవి చూసుకోకుండా జీవో ఇస్తే మొదటి పరీక్షే గొడవ అవుతుంది.

మొదటిది టర్బో సీ, సీ ప్రోగ్రాంలను నడిపే పాతకాలపు కంపైలర్. ఇప్పటికీ చాలా ల్యాబ్‌ల్లో పిల్లలు దాంతోనే మొదలుపెడుతున్నారు. అందులో పూర్ణాంకానికి 16 బిట్లే, 32767 దాటితే తిరగబడుతుంది. 8 ఫ్యాక్టోరియల్ 40320 రావాలి, టర్బో సీలో మైనస్ 25216 వస్తుంది. పిల్లవాడు తన లాజిక్ తప్పనుకుంటాడు. పైగా స్క్రీన్ తుడిచే clrscr లాంటి ఫంక్షన్లు దాని సొంతం, లైనక్స్‌లో వాడే ఉచిత కంపైలర్ జీసీసీలో అసలు కంపైలే కావు. మొదటి వారం నుంచే జీసీసీ ఉండాలి.

రెండోది అవుట్‌పుట్ రూపం. ‘ఒక సంఖ్య ఇవ్వండి’ అని ముందుగా ప్రింట్ చేయడం మనమే నేర్పిన అలవాటు. ఆ వాక్యం కూడా అవుట్‌పుట్ కిందే లెక్క కాబట్టి, ప్రోగ్రాం సరైనదైనా టెస్ట్ కేసులన్నీ తప్పవుతాయి. ప్రతి ప్రశ్నకూ ఒక నమూనా ఇన్‌పుట్, అవుట్‌పుట్ కనిపించాలి, చివరి ఖాళీలను సాఫ్ట్‌వేర్ వదిలేసేలా అమర్చాలి, సెమిస్టర్ అంతా ఇదే పద్ధతిలో సాధన జరగాలి. పరీక్ష రోజే మొదటిసారి చూస్తే చదివినవారూ తప్పుతారు.

ఆగని లూపులకు కొన్ని సెకన్ల గడువు పెట్టాలి. పరీక్షకు వేరే లాగిన్ ఉండాలి, లేకపోతే డీ డ్రైవ్‌లో పాత బ్యాచ్‌ల ప్రోగ్రాంలు సిద్ధంగా ఉంటాయి. యూఎస్‌బీ పోర్టులు మూసేయాలి. యూపీఎస్ సర్వర్లకు పెట్టి నెట్‌వర్క్ స్విచ్‌కు మరిచిపోవడం మామూలు. కరెంటు పోతే సర్వర్ నడుస్తూనే ఉంటుంది, ఎవరికీ అందదు. ప్రశ్నలు సబ్జెక్టుకు కనీసం 150 ఉండాలి, ఒక్కోదానికి 8 నుంచి 10 టెస్ట్ కేసులు. అంతకన్నా తక్కువైతే ఉదయం బ్యాచ్ బయటికి రాగానే మధ్యాహ్నం బ్యాచ్‌కు అన్నీ తెలిసిపోతాయి. ఈ ప్రశ్నల నిధి తయారీని ఉన్నత విద్యామండలి తీసుకుని, ప్రశ్న రాసిన అధ్యాపకులకు పేపర్ సెట్టింగ్ మాదిరే పారితోషికం ఇవ్వాలి. అసలు కష్టమంతా ఇక్కడే ఉంది, ఖర్చు కూడా ఇక్కడే పెట్టాలి.

ఇంటికిచ్చే అసైన్‌మెంట్ల విలువ చాట్‌జీపీటీ వచ్చాక దాదాపు పోయింది. దానికి విరుగుడుగా ఏఐ రాతను పట్టే సాఫ్ట్‌వేర్ కొనమని కంపెనీలు మీ దగ్గరకూ వస్తాయి. దయచేసి కొనవద్దు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐయే తన గుర్తింపు పరికరాన్ని కచ్చితత్వం తక్కువని 2023 జులైలో ఆపేసింది. సొంతంగా రాసిన విద్యార్థి మీద నింద పడితే నిరూపించుకునే దారి ఉండదు. ఏఐ సాయం తీసుకోనివ్వండి, కానీ తెచ్చిన ప్రోగ్రాంలో ప్రతి వరుసా ఎందుకుందో చెప్పించండి. చెప్పలేకపోతే మార్కు లేదు.

ఈ నోటి పరీక్ష తెలుగులో జరగవచ్చని ఒక్క వాక్యం సర్క్యులర్‌లో చేర్చండి. తెలుగు మీడియం నుంచి వచ్చిన అమ్మాయికి లూపు ఎందుకు ఆగలేదో తెలుసు, ఇంగ్లిష్‌లో వాక్యం కుదరక మౌనంగా ఉండిపోతుంది. ఆ మౌనానికి మార్కులు కోయడం అన్యాయం.

ఇక కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక స్వయం, అందులో ఐఐటీలు నడిపే ఎన్‌పీటెల్ కోర్సుల సంగతి. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం సెమిస్టర్‌లో 40 శాతం దాకా స్వయం కోర్సుల క్రెడిట్లను అనుమతించవచ్చు. మంచి అవకాశమే. ఎన్‌పీటెల్‌లో వారం వారం అసైన్‌మెంట్లకు 25, కేంద్రంలో రాసే పరీక్షకు 75. ఆ అసైన్‌మెంట్ల జవాబులు గడువు ముగియకముందే యూట్యూబ్‌లో దొరుకుతున్నాయి. క్రెడిట్ బదిలీకి పరీక్ష మార్కులనే లెక్కలోకి తీసుకోండి. పరీక్ష ఫీజు పేద విద్యార్థికి భారమే, ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో దాన్నీ కలపండి. విద్యార్థి క్రెడిట్లను భద్రపరిచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో ఖాతా తెరిచేటప్పుడు టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉండి పేర్లు కలవని చిక్కు ఎక్కువ. అడ్మిషన్ల సమయంలోనే కళాశాలలో ఆధార్ సవరణ శిబిరం పెడితే సరిపోతుంది.

చివరగా బోధించేవాళ్ల విషయం. 2024-25 నుంచి సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ, మంచి పనితీరున్న సంస్థలకు బ్రాంచీలో సీట్ల గరిష్ఠ పరిమితిని ఎత్తేసింది. కంప్యూటర్ సైన్స్ (సీఎస్ఈ) సెక్షన్లు పెరిగాయి, మెకానికల్, సివిల్ ఖాళీ అవుతున్నాయి. 20 మందికి ఒక అధ్యాపకుడు అన్న నిబంధన కాగితం మీద సరిపోతుంది. ల్యాబ్ గదిలోకి వెళ్లి చూస్తే 60 మందికి ఒక్కరుంటారు. తనిఖీ బృందాలు హాజరు పట్టీలు కాకుండా ల్యాబ్ టైంటేబుల్ పట్టుకుని, ముందుగా చెప్పకుండా ఆ గంటకు ఆ గదికి వెళ్లాలి. 30 మందికి ఇద్దరు లేని ల్యాబ్‌కు అదనపు సెక్షన్ ఇవ్వకూడదు.

అన్ని కళాశాలల్లో ఒకేసారి మొదలుపెట్టవద్దు. వచ్చే విద్యా సంవత్సరం కాకినాడ, నరసరావుపేట, విజయనగరం, అనంతపురం, పులివెందుల, కలికిరిల్లోని విశ్వవిద్యాలయ సొంత కళాశాలల్లో, మొదటి సంవత్సరం ప్రోగ్రామింగ్ ఒక్క సబ్జెక్టుతో ప్రారంభించండి. ఆగస్టులోగా ల్యాబ్ సిబ్బందికి మూడు రోజుల శిక్షణ, సెప్టెంబరు నుంచి వారం వారం సాధన, మిడ్ పరీక్ష కూడా ఇదే సర్వర్ మీద. మిడ్‌లో తేలిన లోపాలు సెమిస్టర్ చివరి పరీక్షకు సరిదిద్దుకోవచ్చు. రెండో ఏడాది డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్‌లు చేర్చి స్వయంప్రతిపత్తి కళాశాలలకు విస్తరించండి. చేతిరాత ల్యాబ్ రికార్డు రద్దుకు మాత్రం ఇవేవీ ఆగనక్కర్లేదు. ఒక పేజీ సర్క్యులర్‌తో ఈ సెమిస్టర్‌లోనే చేయవచ్చు. శిక్షణ ఇవ్వడానికి, ప్రశ్నలు రాయడానికి మేం సిద్ధంగా ఉన్నాం.

భవదీయులు,
ప్రోగ్రామింగ్ బోధించే కొందరు ఇంజినీరింగ్ అధ్యాపకులు