లినక్స్ నేర్పే తీరు మారాలి

సంపాదకులకు నమస్కారం.

మా ఆఫీసులో కంప్యూటర్లన్నీ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు మార్చారు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన ఈ సిస్టమ్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల ఏముందో చూసుకోవచ్చు. అందుకు నాకు ఎంతో గౌరవం. కొత్తవాళ్లకు దాన్ని నేర్పే తీరు మీదే నా బాధంతా.

కమాండ్లు టైప్ చేసే కిటికీ టెర్మినల్. అందులో, అడ్మిన్ అధికారంతో పని చేయించే సుడో కమాండ్ ఇస్తే పాస్‌వర్డ్ అడుగుతుంది. మా కంప్యూటర్లలో దాన్ని టైప్ చేస్తుంటే తెర మీద చుక్క కూడా పడదు. కీబోర్డు పాడైందేమోనని ఎవరికైనా టెన్షన్ పుడుతుంది. పాస్‌వర్డ్‌లో ఎన్ని అక్షరాలున్నాయో పక్కవాళ్లకు తెలియకుండా అలా పెట్టారు. మంచిదే, ఆ ఒక్క ముక్క ముందే చెబితే ఏం పోతుంది? 'ఆర్ఎం' కమాండ్‌తో తీసేసిన ఫైలు రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదు, ఇక అంతే సంగతులు. ఇదైతే మొదటి రోజే చెప్పి తీరాలి.

అర్థం కాలేదంటే 'మాన్ పేజీ చదువుకోండి' అంటారు, అంటే సిస్టమ్‌లోనే ఉండే ఆ కమాండ్ వివరణ. చదివాను. ఫైళ్ల జాబితా చూపే 'ఎల్ఎస్'కే డజన్లకొద్దీ ఆప్షన్లు, ఉదాహరణ ఒక్కటీ లేదు. ఆ పేజీ, కమాండ్లు తెలిసినవాళ్లు మరిచిపోతే తిరగేసుకోవడానికి రాసింది, ఓనమాలు దిద్దించేది కాదు.

శిక్షణ ఇచ్చేవారు కమాండ్ల జాబితా చేతికిచ్చి వెళ్లిపోకుండా, పక్కన కూర్చుని ఒక ఫైలు తయారు చేయించి, పేరు మార్పించి, తీసేయించి చూపాలి. 'పర్మిషన్ డినైడ్' అని వస్తే ఎందుకొచ్చిందో అక్కడే విడమరచాలి. మీ పత్రికలోనూ వారానికో కమాండ్‌ను ఉదాహరణతో సహా తెలుగులో వివరించే శీర్షిక మొదలుపెట్టాలని కోరుతున్నాను.

- అకౌంట్స్ విభాగంలో పనిచేసే ఒక పాఠకురాలు