రైల్వే మంత్రి గారికి: మా తెలుగు కథలకూ ఒక బహుమతి పెట్టించండి

అయ్యా, నమస్కారం. నేను రిటైరైన గూడ్స్ గార్డుని. 2022లో మీ శాఖ మా హోదా పేరు ట్రైన్ మేనేజర్ అని మార్చింది గానీ నాకు గార్డు అన్న మాటే నోటికొస్తుంది. సర్వీసులో ఉండగా ఈ ఉత్తరం రాస్తే కాండక్ట్ రూల్స్ చూపిస్తారని ఊరుకున్నాను, ఇప్పుడా టెన్షన్ లేదు.

నాతో తిరిగిన ఒక లోకో పైలట్ పాత డైరీల్లో కథలు రాసుకునేవాడు. డ్యూటీ దిగి రెస్ట్ తీసుకునే రన్నింగ్ రూములో వంట అయ్యేలోపు ఒకటి చదివి వినిపించేవాడు, సిగ్నల్ పడక అడవి మధ్యలో ఆగిన బండిలో మనిషి ఏం ఆలోచిస్తాడో అంత బాగా రాసినవాళ్లని నేను ఇంకెక్కడా చదవలేదు. మా సెక్షన్‌లో ఒక ట్రాలీమన్ పౌరాణిక నాటకాల పద్యాలు రాగం తీసి పాడితే స్టేషన్ మాస్టర్ కూడా బయటికొచ్చి నిలబడేవాడు. ఆఫీసు లెక్కలో మాత్రం అతను ట్రాలీ తోసేవాడు, అంతే.

రైల్వే బోర్డు హిందీలో రాసే ఉద్యోగులకి కథలకైతే ప్రేమ్‌చంద్ పేరుతో, కవిత్వానికైతే మైథిలీశరణ్ గుప్త పేరుతో బహుమతులిస్తుంది. మంచి పనే, ఆపమని అనను. కానీ 1976 నాటి అధికార భాషా నియమాలే మమ్మల్ని సి రీజియన్‌లో పెట్టాయి కదా, అంటే ఇక్కడివాళ్ల ఇంటి భాష హిందీ కాదని ప్రభుత్వానికి ముందే తెలుసు. అయినా సెప్టెంబరులో హిందీ దినోత్సవం వస్తే హిందీ వ్యాసరచన పోటీ పెడతారు, నేను చూసినంతకాలం అదే నలుగురు రాసేవాళ్లు, అదే నలుగురు కవరు తీసుకునేవాళ్లు. డైరీలో తెలుగు కథ ఉన్నవాడు చప్పట్లు కొట్టి డ్యూటీకి పోయేవాడు.

ఆటల విషయంలో మన రైల్వేని మించినవాళ్లు లేరు. 1928 నుంచి క్రీడా బోర్డు ఉంది, ధోనీ కూడా ఖరగ్‌పూర్‌లో టికెట్లు చూసినవాడే. కళలకీ కోటా ఉంది, కాదనను, కానీ అది కొత్తగా చేరేవాళ్లకి. ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నవాడికి ఏం వచ్చో అడిగే కాగితం ఒక్కటీ నా చేతికి రాలేదు.

ఇంకో ఇబ్బంది, స్పేర్ చేయకపోవడం, అంటే డ్యూటీ నుంచి వదలకపోవడం. నాటకం ఉంది, రెండ్రోజులు వదలండి అంటే, మనుషులు లేరు, నీకు నాటకాలా అని సూపర్‌వైజర్ నవ్వుతాడు. ఆయన తప్పు కాదు, ఖాళీలు నింపాల్సింది మీరు. అలాగని బండి నడిపే రన్నింగ్ స్టాఫ్ నిద్ర తగ్గించి రిహార్సల్స్ చేయించమని మాత్రం అడగడం లేదు, ఆ రెస్ట్ మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. ముందే తేదీ చెప్పి లింకులో, అంటే డ్యూటీల పట్టికలో, సర్దితే చాలు. మా రైల్వే ఇన్‌స్టిట్యూట్, అంటే ఉద్యోగుల క్లబ్బు, స్టేజీ పెళ్లిళ్లకి అద్దెకి పోతోంది, నెలకో సాయంత్రం మావాళ్లకి వదిలితే నష్టమేం లేదు.

సెప్టెంబరు సర్క్యులర్ ఎలాగూ వేస్తారు. ఈసారి అందులోనే తెలుగు కథ, కవిత, పద్యం అని చేర్చి సికింద్రాబాద్‌కీ, 2019లో మీ శాఖ ప్రకటించిన విశాఖ జోన్‌కీ పంపండి. ఆఫీసు నోటీసు బోర్డు మీద కాకుండా క్రూ లాబీలో, డ్యూటీ ఎక్కేముందు సైన్ ఆన్ చేసే చోట అంటించమనండి, మావాళ్లు తప్పకుండా చూసేది అక్కడే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ గార్డు