తాగి కొట్టాడన్న చోటే ప్రశ్న ఆగిపోకూడదు

సంపాదకులకు నమస్కారం.

భార్యను భర్త కొట్టిన వార్త ఏది తీసుకున్నా కారణం ఒక్క ముక్కలో తేలిపోతుంది. తాగొచ్చాడు, అనుమానించాడు, క్షణికావేశంలో చేయి చేసుకున్నాడు. బాధితులతోనూ, కొట్టిన మగవాళ్లతోనూ పనిచేసేవాళ్లం కాబట్టి చెబుతున్నాం: కారణం అక్కడే దొరికిందనుకుంటే తర్వాత వేసే ప్రతి అడుగూ తప్పుతుంది.

ముందు ఆవేశం సంగతి. ఒళ్లు తెలియని కోపమే అయితే పై అధికారి మీదా, అప్పిచ్చినవాడి మీదా కూడా చేయి లేవాలి. చాలామంది విషయంలో లేవదు. తలుపు మూశాక ఆమె మీదే లేస్తుంది, ఎవరైనా తలుపు తడితే ఆగుతుంది. దెబ్బలు బట్టల చాటున పడతాయి. పగిలేది ఆమె ఫోనే. ఇంత చూసుకుని కొట్టేవాడికి కోపం తగ్గించుకునే శిక్షణ ఒక్కటే ఇస్తే, అరవడం మానేసి నెమ్మదిగా బెదిరించడం నేర్చుకుంటాడు.

మద్యం హింసను పెంచుతుంది, దెబ్బల తీవ్రతనూ పెంచుతుంది. అయితే తాగి కూడా భార్య మీద చేయి వేయనివాళ్లున్నారు, తాగకుండానే కొట్టేవాళ్లూ ఉన్నారు. తాగుడుకు చికిత్స చేయించాల్సిందే, దాంతోనే పని అయిపోయిందనుకోకూడదు. తండ్రి తల్లిని కొట్టడం చూస్తూ పెరిగిన మగపిల్లలకూ ముప్పు ఎక్కువే, కానీ వాళ్లలో ఎక్కువమంది కొట్టేవాళ్లు కారు. 2013లో వెలువడిన ఐక్యరాజ్యసమితి అధ్యయనం ఆసియా పసిఫిక్‌లోని 6 దేశాల్లో 10,000 మందికి పైగా మగవాళ్లనే నేరుగా అడిగింది. బాల్యంలో అనుభవించిన హింసతో పాటు, భార్యను అదుపులో ఉంచుకునే తీరు కూడా కొట్టడంతో ముడిపడి కనిపించింది.

అసలు ముడి అక్కడుంది. ఇంట్లో ఆఖరి మాట తనదేనని, ఆమె సమయం, సంపాదన, శరీరం తనకు చెందాలని అతను నమ్ముతాడు. ఆమె కాదంటే అవమానంగా తోస్తుంది. ఒక్క దెబ్బతో మాట నెగ్గుతుంది, అడిగేవాడు ఉండడు. ఆ తర్వాత రోజూ కొట్టక్కర్లేదు, చూపు చాలు. 1984లో అమెరికాలోని డులూత్‌లో బాధిత స్త్రీలు చెప్పినదాన్ని బట్టే, మగవాడు ఆమెను అదుపులో పెట్టే పద్ధతులను చూపే ఒక చక్రం గీశారు. అందులో డబ్బు చేతికివ్వకపోవడం, అయినవాళ్లకు దూరం చేయడం, పిల్లల్ని అడ్డుపెట్టుకోవడం, తప్పంతా ఆమెదే అనడం వంటివి చక్రం ఊచలు. కొట్టడం, లైంగిక హింస వాటన్నిటినీ బిగించి పట్టే అంచు. గొడవ ముదిరి ఒకసారి చేయి చేసుకున్న ప్రతి ఇంట్లో ఈ చక్రం ఉండదు. ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి.

ఆ అడగడంలోనే పెద్ద పొరపాటు జరుగుతోంది. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడతారు. ఆమె నిజం చెబితే ఇంటికెళ్లాక దెబ్బలు. చెప్పకపోతే సమస్య లేదని రాసుకుని రాజీ చేస్తారు. ఆమెను విడిగా అడగండి: గొంతు నొక్కాడా? ఆయుధం చూపాడా? గర్భంతో ఉండగా కొట్టాడా? వదిలి వెళితే చంపుతానన్నాడా? ఈమధ్య కొట్టడం పెరిగిందా? గొంతు ప్రశ్న ఎన్నడూ వదలొద్దు. మెడ రక్తనాళాలు నొక్కుకుపోతే సుమారు 10 సెకన్లలోనే స్పృహ తప్పవచ్చు. బయటికి గుర్తు ఒక్కటీ లేకపోయినా మింగలేకపోవడం, గొంతు మారిపోవడం, పక్షవాతం తర్వాత రావచ్చు కాబట్టి వెంటనే వైద్యపరీక్ష కావాలి. ఒకసారి గొంతు నొక్కించుకున్న స్త్రీ ఆ భాగస్వామి చేతిలోనే హత్యకు గురయ్యే ముప్పు 7 రెట్లకు పైగా ఎక్కువని 2008లో అమెరికాలో వచ్చిన అధ్యయనం చెప్పింది. విడిపోయే రోజులు మరీ ప్రమాదకరం. వెంటనే వెళ్లిపొమ్మని సలహా చెప్పేవాళ్లు ఎక్కడికి, ఎలా, ఎవరి తోడుతో అన్నది ముందే చూడాలి.

మగవాళ్లను ‘ఎందుకు కోపం వచ్చింది?’ అని అడిగితే ఆమె తప్పుల జాబితా చదువుతారు. ‘కొట్టాక ఆమె ఏం మానేసింది? నీకేం దక్కింది?’ అని అడగాలి. పుట్టింటికి ఫోన్ చేయడం మానేసింది, ఖర్చు గురించి అడగడం మానేసింది అన్న జవాబు వచ్చినప్పుడే పని మొదలవుతుంది. అది వారాల్లో తెమిలే పని కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా చట్టం ప్రకారం కొట్టిన మగవాళ్లకు ఇచ్చే ఇలాంటి శిక్షణ కనీసం ఏడాది సాగాలి. శిక్షణకు వచ్చి సంతకం పెట్టినంత మాత్రాన మారినట్టు కాదు. ఆమె ఇప్పుడు భయం లేకుండా కాదనగలుగుతోందా అని ఆమెనే, అతను లేనప్పుడు అడగాలి.

మీ విలేకరులకు ఒక విన్నపం. ఇలాంటి వార్త రాసేటప్పుడు పోలీసులను ఈ రెండు విషయాలు తప్పక అడగమనండి: ఆమె ఇంతకుముందు ఫిర్యాదు చేసిందా, చేస్తే ఏం జరిగింది? ఆమె అతన్ని వదిలి వెళ్లే ప్రయత్నంలో ఉందా?

ఇట్లు,
గృహహింస బాధితుల సలహాదారులు