గట్టు మీద బండి దొరికితే ప్రమాదమేనా?

సంపాదకులకు,

జిల్లా పేజీల్లో తరచూ కనిపించే వార్త ఇది. మనిషి ఇంటికి రాలేదు, కాలువలో బండి దొరికింది, గట్టున చెప్పులు ఉన్నాయి, ‘ప్రమాదవశాత్తు జారిపడి ఉంటాడని భావిస్తున్నారు’. మర్నాడు బంధువులు స్టేషన్ ముందు కూర్చుని ‘చంపి పడేశారు’ అంటారు. శవం దొరకదు. రెండు మాటలూ అలాగే మిగిలిపోతాయి. ఏది నిజమో చెప్పగల ఆనవాళ్లేమో మొదటి పదిహేను రోజుల్లోనే చెరిగిపోతాయి. ముందే ఏదో ఒక మాట ఖాయం చేసుకుంటే వాటిని వెతికేవాడే ఉండడు.

బండి సంగతే తీసుకుందాం. నీళ్లలోంచి తీసిన వెంటనే, ఇంకెవరూ చెయ్యి వేయకముందే ఫొటో తీయాలి. గేరు ఎక్కడుంది, తాళం ఆన్‌లో ఉందా, స్టాండు మడిచి ఉందా చూడాలి. నడుపుతూ అదుపు తప్పిన బండి సాధారణంగా మూడో నాలుగో గేరులో, తాళం ఆన్‌లో, స్టాండు మడిచి దొరుకుతుంది. గట్టు అంచున టైరు కోసుకుపోయిన గాడి ఉంటుంది. గేరులో ఉన్న బండిని నెట్టడం కష్టం కాబట్టి, తోసేసిన బండి చాలాసార్లు న్యూట్రల్‌లో ఉంటుంది. అయితే ఒడ్డుకు లాగగానే ఎవరో ఒకరు, పాపం సాయం చేద్దామనే, నెట్టుకెళ్లడానికి న్యూట్రల్ చేసేస్తారు. దాంతో ఆ సాక్ష్యం పోయినట్టే.

ఫోన్ ‘చివరి లొకేషన్’ అంటే టవరు ఉన్న చోటే తప్ప మనిషి ఉన్న చోటు కాదు. పల్లెల్లో ఒక్క టవరు కింద నాలుగైదు ఊళ్లు ఉంటాయి. నీళ్లలో పడి ఆగినా, ఎవరైనా ఆపినా, ఫోన్ చేసిన వాళ్లకు వినిపించేది ఒకే మాట. వాట్సాప్ కాల్స్ కాల్ డేటాలో రావు. ఆ డేటాను కంపెనీలు 2 ఏళ్లు దాచాలి కాబట్టి దానికి కొంత గడువుంది. గడువు లేనివి పెట్రోల్ బంకు, టీకొట్టు, ఎరువుల దుకాణం కెమెరాలు. దృశ్యాలు దాచే పెట్టె (డీవీఆర్) నిండగానే పాత దృశ్యాల మీద కొత్తవి ఎక్కిపోతాయి. చాలా చోట్ల 15 నుంచి 30 రోజులే. ముందు వెళ్లాల్సింది అక్కడికి.

ప్రమాదం, హత్య అనే రెండింటి మధ్య మూడోది ఉందని మనం మరిచిపోతున్నాం. ఉదయగిరి, రాపూరు కొండల దిగువన, మార్కాపురం వైపు నల్లమల అంచున, అడవి పందుల కోసం చేల చుట్టూ కరెంటు తీగ లాగేవాళ్లున్నారు. రాత్రిపూట దారిన పోయేవాడు దానికి తగిలి చనిపోతే, భయపడి శవాన్ని బావిలోనో వాగులోనో పడేస్తారు. చంపాలని చేసింది కాకపోయినా, అలా తీగ లాగి చావుకు కారణమవడం నేరమే, శవాన్ని దాచడం ఇంకో నేరం. దాచడం భారతీయ న్యాయ సంహిత 238 కిందికి వస్తుంది. శవం దొరికితే మోకాలి కింద సన్నటి కాలిన గీత కోసం చూడాలి. దొరకకపోతే చేలోకి వెళ్లాలి. తెల్లారేసరికి తీగ చుట్టేస్తారు కానీ, వరసగా పాతిన గుంజల బెజ్జాలు, మాడిన గడ్డి మిగులుతాయి. ఆ రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోయిందా, ఎవరు వేశారు అని లైన్‌మన్‌ను అడగాలి. రొయ్యల గుంటల దగ్గర నీళ్లకు గాలి ఆడించే ఏరియేటర్ యంత్రాల కేబుళ్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. నీళ్లలో షాక్ కొడితే ఒంటి మీద మచ్చ పడకపోవచ్చు.

మునిగిన శవం ఎండాకాలంలో ఒక రోజు అటూ ఇటూగా, చలికాలంలో రెండు మూడు రోజులకు తేలుతుంది. తేలలేదంటే కాలువ నీళ్లు అడ్డంకి కింద నుంచి దాటే సైఫన్‌లోనో గుర్రపుడెక్కలోనో చిక్కుకుని ఉండాలి, బరువు కట్టి ఉండాలి, లేదా కొట్టుకుపోయి ఉండాలి. చేపలు, పీతలు పెదవులు, కనురెప్పలు, చెవులు ముందు తింటాయి. వాటిని కత్తి గాయాలని ఊళ్లో చెప్పుకోవడం తప్పు. బతికుండగా తగిలిన గాయమైతే చుట్టూ కండలో రక్తం ఇంకి ఉంటుంది, అది డాక్టర్ చూడాల్సిన పని. ఊపిరితో నీళ్లు పీల్చి చనిపోయాడా అన్నదానికి ఎముక మజ్జలో డయాటమ్‌లు (నీళ్లలో ఉండే, కంటికి కనిపించని నాచు కణాలు) చూస్తారు. పోల్చడానికి ఆ చోటి నీళ్లు శుభ్రమైన సీసాలో అదే రోజు పట్టి సీలు వేయాలి. నెల తర్వాత పడితే అవి వేరే నీళ్లు. డయాటమ్‌లు కనిపించనంత మాత్రాన మునగలేదని తేల్చేయకూడదు.

శవమే దొరకకపోతే హత్య కేసు నిలవదన్నది అపోహ. మిగతా సాక్ష్యం గట్టిగా ఉంటే కోర్టులు శిక్ష వేస్తాయి.

వెతికే చోటు కూడా జిల్లా సరిహద్దు దగ్గర ఆగిపోతోంది. కండలేరు జలాశయం నుంచి తమిళనాడులోని పూండి జలాశయానికి వెళ్లే కాలువ 152 కిలోమీటర్లు పారి ఊత్తుకోట దగ్గర తమిళనాడులో ప్రవేశిస్తుంది. సిమెంటు వేసిన ఏటవాలు గట్టు నాచు పట్టి ఉంటే ఈత వచ్చినవాడు కూడా ఎక్కలేడు. సముద్రంలో వేసవి ప్రవాహం ఉత్తరానికి, అంటే మైపాడు నుంచి కొత్తపట్నం వైపు. అక్టోబరు నుంచి జనవరి దాకా దక్షిణానికి, పులికాట్ వైపు. అందుకే అదృశ్యం కేసు నమోదైన రోజే ఫొటో, పుట్టుమచ్చలు, పళ్ల గుర్తులు తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లా స్టేషన్లకూ పంపాలి. డీఎన్‌ఏ పోలిక కోసం తల్లిదండ్రుల రక్త నమూనా ముందే తీసి ఉంచాలి. అటువైపు ‘గుర్తు తెలియని శవం’గా పూడ్చేసినా, ఒక దవడ పన్నో తొడ ఎముక ముక్కో భద్రపరిచి ఉంటే పోల్చి చూడవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గూడూరు, నెల్లూరు ప్రాంతం